పదును పోని రాయి

రాజోలు, 1998 జూలై, మంగళవారం

హిమాలయాల్లో సొరంగం పనికెళ్ళిన మా ఆయన పార్శిల్లో రెండు రాళ్ళు పంపారు. ఎనిమిదో తరగతికి చూపిద్దామని ఇవాళ బడికి తీసుకెళ్ళాను. ఒకటి హిమానీనదం అంచున ఏరినది, కత్తిలా ఉంది. రెండోది అక్కడ పుట్టిన ఏటిలోనే ఎంతో దిగువన దొరికింది, కోడిగుడ్డులా నున్నగా ఉంది.

పీరియడ్ వేళకి స్టాఫ్‌రూమ్ బల్ల మీద రెండూ లేవు. ఆయా వెంకాయమ్మ గుండ్రటిదానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, మందారం పువ్వు కూడా ఉంచింది. మా నేలలో ఎంత తవ్వినా రాయి తగలదు. అంత నున్నటి రాయి కనబడితే దేవుడనుకోక ఏం చేస్తుంది?

“మరి కత్తిలా ఉన్నది?”

“తలుపుకి అడ్డం పెట్టేనండీ. బాగా ఆనిందండీ.”

అందరి ముందూ అరిచేశాను. పాపం, కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

క్లాసులో ఆయన ఉత్తరంలో రాసిందే చెప్పాను. మధ్యాహ్నం ఎండకి మంచు కరిగి ఏరు పాలలా తెల్లగా పొంగుతుందట. రాళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ దొర్లి, అంచులు అరిగి గుండ్రబడతాయట. ఆ చప్పుడు రాత్రి పడుకున్నా వినిపిస్తుందట.

ముందు బెంచీ సత్యవతి లేచింది. “ఒక్క రాయే ఉంటే అరగదాండీ?”

“అంతగా అరగదమ్మా.”

ఆయన వెళ్ళి రెండున్నరేళ్ళు. ఈమధ్య నా నోటికి జడిసి పాలావిడ కూడా నన్ను పలకరించకుండా గిన్నె గుమ్మంలో పెట్టి వెళ్ళిపోతోంది.

సాయంత్రం గుండ్రటిది వెంకాయమ్మకే ఇచ్చేశాను. “ఆయ్, రోజూ దణ్ణం పెట్టుకుంటానండీ” అంది.

తలుపు దగ్గరిది ఇంటికి తెచ్చుకున్నాను. ఇందాక దిండు పక్కన పెట్టుకుని చెవి ఒగ్గాను. ఏ చప్పుడూ లేదు.