‘డూ’ అన్న మీటరు

12 జూన్ 2006, ఏలూరు

సైన్సులో దేశం ముందుండాలంటే ఏం చెయ్యాలో వచ్చే సోమవారం ఢిల్లీలో జరిగే సభలో మా కాలేజీ తరఫున నేను చెప్పాలి. నాకేం తెలుసని పిలిచారో అని వారంగా బెంగ.

ఇవాళ గణపవరంలో సుబ్బలక్ష్మిగారి చేపల చెరువులో మేం తయారుచేసిన ఆక్సిజన్ మీటరు ముంచాం. కరిగిన ఆక్సిజన్‌కి గుర్తుగా తెర మీద డి, ఓ అని రెండు ఇంగ్లీషు అక్షరాలు, పక్కన అంకె వచ్చాయి.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, “డూ అంటే చెయ్యమనే కదండీ. ఏం చెయ్యాలో మాత్రం చెప్పదేంటండీ మీ మిషను?” అన్నారు.

నవ్వేశాను గానీ, బస్సెక్కినా ఆ మాట వదల్లేదు. ఈ మీటరు మీద పనిచేసిన మూడేళ్ళూ అంకె సరిగ్గా రావడానికే కష్టపడ్డాం. నీళ్ళు మార్చాలా, మేత ఆపాలా అన్నది కదా ఆవిడకి కావలసింది.

రాసుకున్న ప్రసంగం చింపేశాను. మీటరే పట్టుకెళ్తాను. సభలో నవ్వితే నవ్వనీ, తెర చూపించి ఆవిడ అడిగినట్టే అడుగుతాను.