కొందామని వెళ్లిన ఇల్లు

అన్నకు నమస్కారం.

రిటైరయ్యాక కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాలి కదా, నువ్వు చెప్పినట్టే పోయిన నెల గోదావరిఖనిలో ఒక ఇల్లు కొనడానికి వెళ్లాం. "గోడలు ఉక్కు లెక్క ఉంటయ్" అని యజమాని అంటుండగానే, దగ్గర్లోని ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగు జరిగి ఇల్లు ఊగింది. నా చేతిలో చాయ ఒలికింది. వాళ్లమ్మ పోశవ్వ బయటికొచ్చి, "ఫికర్ చెయ్యకు బిడ్డా, రోజు గిట్లనే ఊగుతది" అంది. యజమాని తల పట్టుకున్నాడు.

నీ మరదలు నవ్వు ఆపుకోలేక, "కొనం గానీ అవ్వా, కిరాయికిస్తవా?" అని అడిగింది. ఇల్లు అమ్మడం ఇష్టం లేని ఆ ముసలామె వెంటనే పై వాటా ఇచ్చేసింది.

కోప్పడకు అన్నా. గోడ పగిలితే బాగుచేయించే బాధ వాళ్లది. ఇన్నేళ్లు భూమి కింద డ్యూటీ చేసినవాణ్ని, ఇప్పుడు సాయంత్రాలు డాబా మీద పడుకుని ఆకాశం చూస్తున్నాను. వదినను తీసుకుని రా, భోజనాలు అక్కడే.

నీ తమ్ముడు