నాన్నకు చెప్పని సగం

నూజివీడు,
14 మే 1986.

అమ్మకు,

కమల నమస్కారాలు. అక్కా, పసిపాపా బాగున్నారని నీ ఉత్తరంలో చదివి స్థిమితపడ్డాం. భిలాయి ఎండల్లో నువ్వు జాగ్రత్త. ఇక్కడ మేమిద్దరం వేళకు తింటున్నాం.

నువ్వు అడిగినవాటికి జవాబులు. చిన్నరసాల కోత మొదలైంది. నాన్న తోటకు వెళ్ళడం తగ్గించారు. "అయ్యగారు రాకపోతే కాయ కూడా అలిగిందమ్మాయిగారూ" అంటున్నాడు కాపలా శౌరి. తాండ్ర నాలుగు పొరలు పోసి ఆపేశాను. బార్లీ నీళ్ళతో నాన్నకు మూత్రం మంట తగ్గిందా అన్నావు. తగ్గలేదు.

అది వేడి కాదమ్మా. రెండుసార్లు బెజవాడ వెళ్ళొచ్చాం. నీకు రాయలేదు. మూత్రసంచి కింద మగవాళ్ళకు ప్రోస్టేట్ అనే గ్రంథి ఉంటుంది. డాక్టరు వేలితో చూస్తే అది రాయిలా గట్టిగా తగిలిందట. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సర్ అని వచ్చింది. ఎక్స్‌రేలో తుంటి ఎముకలోనూ మచ్చలున్నాయి. నాన్న నడుం నొప్పి తోటపని వల్ల కాదు.

పూర్తిగా పోదట. అదుపులో పెట్టవచ్చట. మగవాళ్ళ హార్మోను ఆ జబ్బుకు మేత. దాన్ని ఆపడానికి రెండు దారులు. ఒకటి, చిన్న ఆపరేషన్ చేసి వృషణాలు తీసేయడం. రెండోది, రోజూ ఆడవాళ్ళ హార్మోను మాత్రలు మింగడం. వాటివల్ల రొమ్ము వాస్తుంది, గుండెకు కూడా మంచిది కాదు. ఆపరేషనే మేలని డాక్టరు అభిప్రాయం.

నేను ఏడవలేదు. తిరుగు బస్సులో పుస్తకం తెరిచి, హనుమాన్ జంక్షన్ దాకా ఒకే పేజీ చూస్తూ కూర్చున్నాను.

ఇక అసలు సంగతి. ఆ డాక్టరు మద్రాసు మనిషి, తెలుగు రాదు. అంతా నాకు ఇంగ్లీషులో చెప్పారు. పక్కనే కూర్చున్న నాన్న, "ఏంటమ్మా అంటున్నాడు?" అని అడిగారు. గ్రంథి వాచిందనీ, చిన్న ఆపరేషన్ అనీ, నాలుగు రోజుల్లో ఇంటికి పంపిస్తారనీ చెప్పాను. క్యాన్సర్ అనలేదు. ఏం తీసేస్తారో చెప్పలేదు. మాత్రల ఊసే ఎత్తలేదు. నాన్న ముందు ఆ మాట నా నోరు దాటలేదమ్మా. నేను వేలు పెట్టి చూపించిన చోట ఆయన సంతకం చేశారు.

ఆపరేషన్ సోమవారం. నువ్వు వచ్చి చెబుతావని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. కానీ ఇది నీకు అందేసరికే సోమవారం అవుతుంది. టెలిగ్రాం ఇద్దామంటే, పోస్టాఫీసులో కోటేశ్వరరావు గారు ప్రతి మాటా పైకి చదివి లెక్కపెడతారు. నేనే చెప్పాలి.

సాయంత్రం మళ్ళీ రాస్తున్నాను. చెప్పాను. నాన్న అరుగు మీద గడ్డి పరిచి కాయలు పేరుస్తున్నారు. నేను స్తంభం వైపు తిరిగి అంతా ఒక్క బిగిన చెప్పేశాను.

"అంటే, పోయినేడు మన కోడెకి చేయించిందేనా?"

"అవును నాన్నా."

"ఆ ముక్క చెప్పడానికి పది రోజులు పట్టిందా నీకు? ఇన్నేళ్ళు కాన్వెంటుకి పంపింది ఇందుకేనా?"

ఆయన ఒక కాయ తీసి, తొడిమ దగ్గర చూసి, మళ్ళీ పెట్టారు.

"చెప్పినా ఒప్పుకునేవాణ్ణేమో. తెలీకుండా సంతకం పెట్టించావు చూడు, అది బాగాలేదమ్మా."

"తప్పయింది నాన్నా."

"మీ అమ్మకి రాశావా?"

"రాస్తున్నాను."

"అన్నీ రాయి. దానికీ తెలియాలిగా." గడ్డి సర్దుతూ, "రేపు మొదటి బస్సుకి డాక్టరు దగ్గరికి పోదాం. నేనడిగింది అడిగినట్టు ఆయనకి చెప్పు. ఆయన చెప్పింది చెప్పినట్టు నాకు చెప్పు. మధ్యలో నీ సిగ్గు పెట్టకు. అప్పుడు చూద్దాం, కత్తో మాత్రో" అన్నారు.

ముందు ఏమడగాలని అడిగాను.

"ఎన్నాళ్ళుంటానో అడుగు."

ఆ ప్రశ్న ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. రేపు డాక్టరు జవాబు చెప్పాక, అది నాన్నకు తెలుగులో చెప్పాలి.

ఇట్లు,
నీ చిన్న కూతురు
కమల