అడవిలో భావన జవాబివ్వలేదు

దిల్‌సుఖ్‌నగర్,
అక్టోబరు 2011

అక్కయ్యకు నమస్కారాలు. ఫోన్లో నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను.

నల్లమలలో కృష్ణ ఒడ్డున మా నడక నిన్నటితో ముగిసింది. చివరి రోజు, ఆకాశం కనపడనంత పెద్ద మానుల మధ్య, ముందు నడుస్తున్న మా భావన మలుపు తిరిగి కనుమరుగైంది. కేకేయబోయాను. మమ్మల్ని కారులో తీసుకెళ్లిన ఎల్బీనగర్ రామచంద్రం నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒర్రకు సారూ, ఎలుగులు తిరిగే జాగ ఇది. కట్టెతోటి మానును కొట్టు, పిల్ల గట్లనే జవాబిస్తది."

అడవిలో అదే పద్ధతట. కొట్టాను. జవాబు లేదు. మళ్లీ కొట్టాను. నీటి చప్పుడు తప్ప ఏమీ లేదు. వేసవిలో ఆసుపత్రిలో నీ మరదలు సూర్యప్రభ ఎంత పిలిచినా పలకనప్పుడు పట్టిన భయమే మళ్లీ పట్టింది.

కాసేపటికి భావన మెల్లగా వెనక్కి వచ్చింది. దగ్గర్లోనే ఎలుగుబంటి పిల్లతో నీళ్లకు దిగిందట.

"తిరిగి కొడితే పిల్ల బెదిరేది నాన్నా. తల్లి నా మీదికొచ్చేది," అంది.

దానికి ఆ అడవిలోనే ఫారెస్టు ఉద్యోగం వచ్చింది. చోటు చూసి వద్దని చెబుదామనే వెంట వెళ్లాను. చెప్పలేకపోయాను. భయం మాత్రం తగ్గలేదు.

సూర్యప్రభ సంవత్సరీకం తిథి శాస్త్రిగారిని అడిగి రాయి. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బావగారికి నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

సమ్మెతో బస్సులు లేవు. రేపు పొద్దున్నే భావనను స్కూటరు మీద సాగర్ రింగ్ రోడ్డు దాకా తీసుకెళ్లి, వాళ్ల ఆఫీసు జీపు ఎక్కిస్తాను.

తమ్ముడు
మల్లికార్జునరావు