కప్పును తట్టి విను

మల్లన్నా,

నువ్వు దమ్మురోగంతో పోయి నేటికి ఏడాది. ఈ కబురు నీకు చేరదని తెలిసినా చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నీ అల్లుడు సాయిలు ఇవాళ మళ్లీ బొగ్గుబాయి దిగాడు.

మొన్నటి వానాకాలంలో బాయిలో తన పక్కనే పైకప్పు కూలినప్పటి నుంచి అతడు బాయి ముఖం చూడలేదు. పని పోయేలా ఉందని నీ బిడ్డ ఏడ్చేది. "దిగితే మొత్తం నా మీదనే పడ్తది, చిన్నమామా" అనేవాడు సాయిలు. తాయెత్తు కట్టారు, తిట్టారు, ధైర్యం చెప్పారు. ఏదీ పనిచేయలేదు.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. నాకూ అలాగే అయినప్పుడు నువ్వు "భయపడకు" అనలేదు. మొదట బాయి నోటి దాకా, తర్వాత వెలుగు కనిపించేంత దూరం, ఆ తర్వాత లోపలికి, రోజుకు కొంచెం తీసుకుపోయావు. నేను ఆగినచోటల్లా కట్టె చేతికిచ్చి, "పడ్తదని నీ మనసు అంటున్నది. కప్పు ఏమంటదో జర తట్టి ఇను" అన్నావు. ఖంగుమంటే కప్పు గట్టిదని ముందుకు, డొల్లగా మోగితే వదులైందని వెనక్కి. మనసు చెప్పిందల్లా నిజం కాదని అలా తెలిసింది.

ఇది నువ్వు నేర్పిందేనని చెప్పి, సాయిలుతోనూ అదే చేశాను. ఇవాళ లోపల చెమటలు పట్టి ఆగిపోయాడు. కట్టెతో తట్టాడు. ఖంగుమంది. ఇంకోసారి తట్టి, అడుగు వేశాడు.

పైకొచ్చాక అడిగాడు: "మామకు భయమే లేకుండెనా?"

"మస్తుండె. గందుకే రోజూ తట్టెటోడు" అన్నాను.