ఎకరన్నరకి ఓనరు

ఏలూరు,
సోమవారం.

చిరంజీవి తమ్ముడు పాండురంగారావుని అక్క రత్నమాణిక్యం దీవించి రాయించేది. రాస్తున్నది మా పక్కింటి మృదుల టీచరు. ఫోను చేస్తే సిగ్నల్ లేదంటావు, అందుకని ఉత్తరం.

నిన్న పెదపాడు బస్సెక్కి చేను దగ్గరికి వెళ్ళాను. గట్టు మీద మిషను ఉంది. చేపల చెరువు తవ్వుతారట. లీజుకి తీసుకున్న వెంకట్రాజు, "మామ్మగారూ, ఓనరు గారితో మాట్లాడేసుకున్నామండి. మీరు కాస్త పక్కకి జరగండి" అన్నాడు. "ఎవరయ్యా ఓనరు?" అన్నాను. నీ పేరు చెప్పాడు.

మన చిన్నప్పుడు ఓనరనే మాట లారీకీ, రైసుమిల్లుకీ ఉండేది. చేనుకి రైతే. నాన్నని ఓనరుగారూ అని పిలిస్తే వెనక్కి తిరిగి చూసేవాడు, ఎవర్నా అని. మృదులని అడిగితే లావుపాటి డిక్షనరీ తీసింది. ఓనరు 'ఓన్' అనే ఇంగ్లీషు మాట నుంచి పుట్టిందట, దానికి కలిగి ఉండటం ఒక అర్థమట. ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోవడం కూడా పాతకాలం నుంచీ ఉన్న అర్థమేనట. ఆ రెండోది నీకెవరూ చెప్పలేదా?

ఆ ఎకరన్నర నా పెళ్ళికి నాన్న పసుపు కుంకుమ కింద నోటిమాటతో ఇచ్చాడు. దున్నింది నువ్వే, కాదనను. ఏటా కోతలయ్యాక కొత్తబియ్యం బస్తా పంపేవాడివి, మూతికి పసుపు కొమ్ము కట్టి. ఇది అక్క చేను పంట అని దానర్థం. ఈ ఏడు బస్తా వచ్చింది, కొమ్ము లేదు. మరదలు మరిచిపోయిందనుకున్నాను.

నాన్న పోయాక పాసుపుస్తకానికని వేలిముద్ర అడిగావు. వేశాను. ఎందుకని అడగలేదు. తమ్ముణ్ణి అడగడమేమిటి? ఇప్పుడు అదే గుచ్చుకుంటోంది.

కోర్టుకెళ్ళను. గురువారం వచ్చి మిషను ముందు కూర్చుంటాను. నా మీద నుంచే తవ్వమను.

నీ అక్క,
రత్నమాణిక్యం వేలిముద్ర.


ఏలూరు,
శనివారం.

తమ్ముడూ,

మొన్న వెంకట్రాజు ముందు ఈ చేను అక్కదని నువ్వు అనలేదు. "ఎండలో కూర్చోకే అక్కా" అన్నావు, మిషను వెనక్కి పంపావు, అంతే. కోపంతో మంచినీళ్ళు కూడా తాగకుండా వచ్చేశాను.

ఈ పొద్దున నువ్వు పంపిన పొట్లం అందింది. విప్పితే ఒక్క పసుపు కొమ్ము. ఒప్పుకున్నావు, సరే. కానీ దాన్ని చదవడం నాకొచ్చు, ఆఫీసులకి రాదు. వచ్చే గురువారం పాసుపుస్తకం పట్టుకుని ఇక్కడి రిజిస్ట్రారాఫీసుకి రా, చేను నా పేర రాయించు. వేలిముద్ర వేస్తాను. ఈసారి మృదుల కాగితమంతా చదివి వినిపించాకే.

తిని రాకు. కొత్తబియ్యం ఇంకా విప్పలేదు, ఆ రోజే వండుతాను.

అక్క.