కార్లు రాని దారి

మురళీ,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. ఇంగ్లండ్ పల్లెల మధ్య, పాత రైలు కట్టల మీద వేసిన సైకిల్ దారుల్లో వారం తిరగాలని నువ్వు గీసుకున్న మ్యాపును అప్పుడే క్లోజెట్‌లో పడేశాను. ఆ ప్రయాణానికి ప్రాక్టీస్ చేస్తుండగానే కదా, ఇక్కడ మన ఊరు ఫ్రిస్కోలో రోడ్డు మీద కారు నిన్ను గుద్దింది.

ఈ ఉదయం మన అమ్మాయి ఆ మ్యాపు పట్టుకొచ్చింది.

"మమ్మీ, సమ్మర్‌లో నేను ఈ రూట్ రైడ్ చేస్తా."

"ఇంట్లో సైకిల్ మాట ఎత్తొద్దని చెప్పానా లేదా?" అని అరిచాను.

"అక్కడ కార్స్ రావు మమ్మీ. చూడు, డాడీ రోజుకి ఎయిట్ మైల్సే పెట్టాడు. నీకు సైకిల్ నేర్పించి తీసుకెళ్దామనుకున్నాడు. సర్‌ప్రైజ్ అని నాకొక్కదానికే చెప్పాడు. నువ్వు ఏడుస్తావని ఇన్నాళ్లూ చెప్పలేదు."

ప్రతి ఊరి పక్కనా "ఇక్కడ టీ, రెస్ట్" అని నీ చేతిరాత. నువ్వేమో నలభై మైళ్లు ఆగకుండా తొక్కేవాడివి.

ఇద్దరం వెళ్దామని దానికి మాటిచ్చాను. సాయంత్రం పార్కింగ్ లాట్‌లో అది తన సైకిల్ సీటు పట్టుకుంటే, పది గజాలు తొక్కి దిగిపోయాను.

నీతో ఒక మాట చెప్పాలి. ఆ రోజు నువ్వు "వెళ్లొస్తా" అంటే నేను పలకలేదు. నన్నిక్కడ వదిలేసి ఇంగ్లండ్ వెళ్తున్నావని నీ మీద కోపం.